పాట పత్రం చించవచ్చునా?

ఒక రాజకీయ పరివర్తనకు గుర్తుగా నిలిచిన పాటను, ఆ పరివర్తన ప్రజల ఆశలను వమ్ము చేశాక ఏం చేయాలి? పాడటం మానాలా? మాటలు మార్చాలా? వున్నది వున్నట్టే పాడాలా? యిది సంగీతజ్ఞుల తగాదా కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న.

జర్మనీకి చెందిన స్కార్పియన్స్ అనే రాక్ బృందం పాడిన ‘విండ్ ఆఫ్ చేంజ్’ సంగతి చూద్దాం. 1989 ఆగస్టులో మాస్కోలో జరిగిన సంగీతోత్సవం ప్రేరణతో గాయకుడు క్లౌస్ మైనే ఆ పాట రాశాడు. ఆ వుత్సవం నాటికి బెర్లిన్ గోడ నిలిచే వుంది. 1990లో పాట వెలువడింది. 1991 చివరకు సోవియట్ యూనియనే లేదు. చరిత్రకంటె పాటే ముందు నడిచిందని లోకం మురిసింది. కాని 1992 జనవరిలో రష్యాలో ధరల అదుపు ఎత్తివేయగానే సామాన్యుల పొదుపు కరిగిపోయింది. 2022లో రష్యా సైన్యాలు వుక్రెయిన్ మీద పడ్డాక, మాస్కోను ప్రేమగా తలచే తొలి పంక్తులను మైనే తానే వేదికమీద మార్చి పాడాడు.

ఆయన నిజాయితీని శంకించనక్కరలేదు. ఐతే పాట అర్థం కవి చేతిలోనే వుంటుందా? దీనికి జవాబు మన సీమలోనే దొరుకుతుంది.

1800లో నిజాం కంపెనీకి అప్పగించిన దత్తమండలంలో ఆదోని వుంది, కోయిలకుంట్లా వుంది. ఆ కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని వురితీశారు. ఆయన తలను 1877 దాకా కోటకు వేలాడదీశారు. ఆయన కథను సీమ జానపదులు నేటికీ పాడతారు. ఆయన తొలి ఫిర్యాదు ఏమిటి? తనకు రావలసిన తసదీకు భరణం! ఒక పాలెగాని భరణం కోసం పేదవాడు ప్రాణమెందుకివ్వాలి? వస్తుతః ఆయన వెంట నడిచినవారిలో యినాం భూములు పోగొట్టుకున్న కట్టుబడులున్నారు. పాటలో పేరు పాలెగానిది; దానిలోని కసి కట్టుబడులది. కనుక అర్థమిచ్చేది పాటలోని నాయకుడు కాదు, కవీ కాదు. ఆ పాటలో తమ బాకీ లెక్క చూసుకొనే జనం.

ఆదోని పత్తి మిల్లుల నడుమ, ఎమ్మిగనూరు మగ్గాల నడుమ పెరిగిన విద్యార్థులు యీ మాటను తమ వూళ్ల అనుభవంతో సరిచూసుకోవాలి. 1953 అక్టోబరు 1న ఆదోని బళ్లారి జిల్లా నుండి విడివడి ఆంధ్రరాష్ట్రంలో చేరింది. 1956లో రాష్ట్రం పెరిగింది, 2014లో విడిపోయింది. ప్రతిసారీ ఆశలు పాటలై మోగాయి. పటం మూడుసార్లు మారింది గాని, వానలు మొహం చాటేస్తే పడమటి పల్లెల కుటుంబాలు పిల్లాజెల్లాతో గుంటూరు మిరపచేలకు సుగ్గికి పోవడం మారలేదు.

ఐతే ఆ పాటలన్నీ బూటకాలేనా? కాదు. మార్పు పాట ప్రోనోటు వంటిది. అప్పు తీరలేదని పత్రం చించేస్తే లాభమెవరికి? బాకీదారుకే. తీరిపోయినట్టు పండగల్లో పాడితే అదీ మోసమే. మాటలు దిద్దుకొనే హక్కు కవికి వుండవచ్చు; కాని ఒకనాటి ఆశను కొట్టివేస్తే, మాట తప్పినవారిని నిలదీసే సాక్ష్యమూ దానితోనే పోతుంది.

పాటను పాడదాం. పాడాక, సుగ్గి నుంచి యింకా తిరిగిరాని పిల్లవాని పేరు బడి హాజరుపట్టీలో చూపి, బాకీ ఎప్పుడు తీరుస్తారని అడుగుదాం.