కవరు మీద పేరెవరిది?

మన తెలుగులోకి వచ్చిన ఇంగ్లీషు మాటల్లో కవరంత చాకిరీ చేసేది మరొకటి ఉందో లేదో. కిరాణా కొట్లో అది సంచి. పోస్టాఫీసులో ఉత్తరం పెట్టేది. బడులు తెరిచే జూన్‌లో పిల్లల పుస్తకాలకు వేసే అట్ట. మంచం మీద దిండు గలీబు. క్రికెట్‌లో ఆఫ్‌సైడు ఫీల్డరు నిలబడే చోటు కవర్, వాన పడితే పిచ్ మీద పరిచేవీ కవర్లే. మాస్టారు సిలబస్ కవర్ చేస్తారు, విలేకరి సభను కవర్ చేస్తాడు, బీమా ఏజెంటు మన ప్రాణానికి ఇన్ని లక్షల కవర్ అంటాడు. నోరు జారినవాడు మాట మార్చబోతే పక్కనున్నవాడు "ఇక కవరింగు చాల్లే" అంటాడు.

ఇన్నింటిలోనూ ఎక్కువగా కనబడేవి రెండు పనులు: కాపాడటం, దాచడం. కాపాడితే మంచి, దాస్తే చెడు అని తేల్చేయడం సులువే గానీ, ఆ లెక్క ఎంతోసేపు నిలవదు. ఉత్తరాన్ని కవరులో పెట్టి అంటించేది దాచడానికే కదా! పోస్టుమాన్ నుంచి, పక్కింటివాళ్ల నుంచి దాస్తాం. ఎవరి పేరు రాశామో వారి నుంచి దాచం. పెళ్లిలో ఇచ్చే కవరూ అంతే. అందులో నూటపదహార్లున్నాయో, వెయ్యినూటపదహార్లున్నాయో పందిట్లో ఎవరికీ తెలియదు. లేనివాడు కూడా ఉన్నవాడి పక్కన నిలబడి నిబ్బరంగా అక్షింతలు వేయగలుగుతున్నాడంటే ఆ కాగితం పొర చలవే. చదివింపులను పేరుపేరునా పైకి చదివిన రోజుల్లో ఈ వెసులుబాటు ఉండేది కాదు.

మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి కవరింగు నగలకు పెట్టింది పేరు. మామూలు లోహం మీద పలుచని బంగారు పూత. అమ్మేవాడు రోల్డ్‌గోల్డ్ అని చెప్పే అమ్ముతాడు, కొనే ఆవిడ తెలిసే కొంటుంది. అందులో మోసమేమీ లేదు. అదే నగను మేలిమి బంగారమని చెప్పి తాకట్టు పెడితే నేరం. పూత అదే, మందమూ అదే. ఇప్పుడు మాత్రం అది తెలియాల్సినవాడి కళ్లు కప్పుతోంది. అందుకే ఏం దాచారన్నది నాకు పెద్ద ప్రశ్నగా తోచదు. ఎవరి నుంచి దాచారన్నదే అసలు ప్రశ్న.

1978 ఎన్నికల నుంచి 1983 ఎన్నికల దాకా ఆంధ్రప్రదేశ్‌కు నలుగురు ముఖ్యమంత్రులయ్యారు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. 'సీల్డ్ కవర్ ముఖ్యమంత్రి' అనే ఎత్తిపొడుపు అలాంటి రాజకీయంలోంచే పుట్టింది. ఓట్లు వేసేది ఇక్కడి జనం, పేరు ఖాయమయ్యేది ఢిల్లీలో. ఎవరి పాలన గురించిన నిర్ణయమో వాళ్లకే అది చివర్న తెలిసేది. 1983 జనవరిలో ఎన్టీఆర్ గెలుపు వెనక ఆ మంట కూడా ఉంది. న్యాయస్థానాల్లోనూ ఈ కవరు రివాజు ఉంది. మీడియావన్ అనే మలయాళ వార్తా చానల్‌కు అనుమతి నిరాకరించిన ప్రభుత్వం, కారణాలను సీల్డ్ కవరులో పెట్టి న్యాయమూర్తులకు మాత్రమే అందించింది. చానల్‌కు అవి తెలియవు. తెలియని ఆరోపణకు జవాబెలా చెబుతారు? ఈ పద్ధతి సహజ న్యాయానికి విరుద్ధమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న తీర్పు చెప్పింది.

ప్రభుత్వాలను అనడం తేలికే. మన ఇళ్లలో మాత్రం? మా పెదనాన్నగారికి పెద్ద జబ్బని తేలినప్పుడు ఆస్పత్రివాళ్లు రిపోర్టును పెద్ద కవరులో పెట్టి ఇచ్చారు. దాని మీద ఆయన పేరూ వయసూ స్పష్టంగా రాసి ఉన్నాయి. దాన్ని కొడుకులు చూశారు, అల్లుళ్లు చూశారు, ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు కూడా చూశాడు. ఆయనకు మాత్రం "గ్యాస్ట్రిక్ ట్రబులే నాన్నా, తగ్గిపోతుంది" అని చెప్పారు. అంతా ప్రేమే. కానీ ఆ ప్రేమలోనే రోజులు గడిచిపోయాయి. పొలం పంపకాల కాగితాలు రాయించకుండానే ఆయన పోయారు. ఏళ్లుగా మాటల్లేని తమ్ముడిని పిలిపించుకోవాలని ఆయనకు తోచనే లేదు. బోలెడంత సమయం ఉందనుకున్నారు మరి!

సత్యం ముఖాన్ని బంగారు పాత్ర ఒకటి మూసి ఉంచిందని, దాన్ని తొలగించమని ఈశావాస్యోపనిషత్తులో ఓ ప్రార్థన ఉంది. మూత బంగారందే ఎందుకు కావాలి? ఇనుప మూతైతే తీసి పారేయడానికి ఎవరూ వెనకాడరు. మెరిసే మూతను తీయడానికే చెయ్యి రాదు. ఇళ్లలో ఆప్యాయత అలాంటి మూత. అబద్ధానికి సిగ్గుపడే మనిషి కూడా "ఆయన తట్టుకోలేరండీ" అనడానికి సిగ్గుపడడు. అక్కడ పని చేసేది సగం ఆయన మీద జాలి, సగం ఆ మాట చెప్పాల్సిన బాధ్యత నుంచి తప్పించుకోవాలన్న మన తాపత్రయం.

ఎప్పుడు చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఎంత మెల్లగా చెప్పాలి అన్నవి మనం ఆలోచించుకోవచ్చు. "నాకేమీ చెప్పొద్దు, మీరే చూసుకోండి" అని రోగే అంటే అదీ గౌరవించాల్సిందే. తన కవరు విప్పకుండా పక్కన పెట్టే హక్కు ఆయనకుంది. ఆయన్ని అడగకుండా మనం దాన్ని బీరువాలో పెట్టేయడమే తగని పని.

లోకంలో కప్పిపెట్టవలసినవి చాలా ఉన్నాయి. స్నేహితుడి అప్పు సంగతి, కూతురి డైరీ, పొరుగింటి గొడవ మీ దగ్గరికి వస్తే భద్రంగా దాచండి, తప్పులేదు. మరొకరికి చెందిన నిజం మీ చేతికొచ్చినప్పుడు మాత్రం కవరు మీద పేరు చూసి వారికి అందజేయండి.