మన చేలో నిలిచిన పరదేశి

ధ్యానభాగములు: లేవీయకాండము 19:33-34; ద్వితీయోపదేశకాండము 24:14-15; యిర్మీయా 29:4-7



మన కంకిపాడు ప్రాంతమునుండి అనేకుల బిడ్డలు దూరదేశములలో ఉన్నారు. ఒకరి కుమారుడు అమెరికాలో, ఒకరి కుమార్తె ఆస్ట్రేలియాలో, మరియొకరి తల్లి కువైత్‌లో కష్టపడుచున్నారు. అచ్చటివారు మనవారిని దయతో చూడవలెనని ప్రతి ఆదివారము ప్రార్థించుచున్నాము. ఇది మంచి ప్రార్థన. అయితే నాట్ల కాలమందు బీహారు, బెంగాలులనుండి మన చేలలోనికి, ఒరిస్సానుండి మన ఇటుక బట్టీలకు వచ్చువారి తల్లులును ఇదే ప్రార్థన చేయుచుందురు. వారికి దేవుడిచ్చు జవాబు ఎవరి చేతుల ద్వారా రావలెను?

మన తెలుగువారు పరదేశులై యుండిన కాలమొకటి కలదు. ఆ దినములలో బర్మా ధనవంతమైన దేశము. ప్రపంచములో దానికంటె ఎక్కువ బియ్యము ఎగుమతి చేయు దేశము లేదు. గోదావరి, విశాఖపట్టణము, గంజాము జిల్లాలనుండి వేలకొలది బీదలు మేస్త్రీలవద్ద బయానా తీసికొని, కాకినాడలో, విశాఖలో ఓడలెక్కి రంగూను వెళ్లిరి. అచ్చట వారిని కోరంగులని పిలిచిరి. ఓడలలో మూటలు మోయుట, రిక్షాలు లాగుట, ధాన్యపు మిల్లులలో చాకిరి చేయుట వారి పని. 1931 నాటికి రంగూను జనములో సగముకంటె ఎక్కువమంది భారతీయులే.

1930 మే నెలలో మన తెలుగు ఓడకూలీలు కూలి పెంచుమని సమ్మె చేసిరి. యజమానులు వారికి బదులుగా బర్మా కూలీలను తెచ్చిరి. కొన్ని దినములైన తరువాత మనవారితో రాజీపడి, మే 26న పనికి వచ్చిన బర్మావారిని వెళ్లిపొమ్మనిరి. పని పోగొట్టుకొన్నవారిని చూచి మనవారిలో కొందరు ఎగతాళి చేసిరని చెప్పుదురు. ఆ మాటలు దెబ్బలాయెను, దెబ్బలు రక్తమాయెను. కొద్ది దినములలో వందమందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది మన బీద తెలుగువారే.

సహోదరులారా, ఇక్కడ ఒక సంగతి ఆలోచించుడి. కొట్టినవాడు బీదవాడు, చచ్చినవాడును బీదవాడు. ఇద్దరిని ఒకే పనికి పోటీగా నిలిపినవారికి గాయము తగలలేదు. ఆ తరువాత ధాన్యము ధర పడిపోయి, బర్మా రైతుల భూములు అప్పుల క్రింద చెట్టియార్లపాలైనప్పుడు వారి కోపము ఇంకను ముదిరెను. 1942లో జపానువారు వచ్చినప్పుడు లక్షలమంది భారతీయులు కొండలు, అడవులు దాటి నడచి వచ్చిరి. వేలమంది దారిలోనే రాలిపోయిరి. 1962లో సైన్యము ప్రభుత్వమును పట్టుకొని, 1964లో దుకాణములను స్వాధీనము చేసికొనగా మరల లక్షలమంది తిరిగి వచ్చిరి. విశాఖలోని బర్మా క్యాంపు అను పేరు నేటికిని ఆ కథ చెప్పుచున్నది.

ఈ కథను వాక్యపు వెలుగులో చూచినయెడల మూడు పాఠములు కలవు.

మొదటిది పనిచేయించువారికి. కూలివాడు స్వజనుడైనను పరదేశియైనను అతని కూలి ప్రొద్దు క్రుంకక మునుపే ఇయ్యవలెనని మోషే బోధించెను. ఇద్దరికి ఇద్దరు దేవుళ్లు లేరు, రెండు కొలతలును లేవు. పొరుగూరివాడు తక్కువకు వచ్చునని మన ఊరివాని కూలి తగ్గించుట ఇద్దరిని దోచుటయే.

రెండవది పరదేశమునకు వెళ్లినవారికి. బబులోనులో చెరనున్నవారు ఇండ్లు కట్టుకొని, తోటలు నాటి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థింపవలెనని యిర్మీయా వ్రాసి పంపెను. కావున మీ బిడ్డలకు ఉత్తరము వ్రాయునప్పుడు, ఫోనులో మాటలాడునప్పుడు, సంపాదన ఒక్కటే అడుగకుడి. ఆ దేశపు భాష నేర్చుకొన్నారా, పొరుగువాని కష్టసుఖములు విచారించుచున్నారా, పని పోయినవానిని చూచి నవ్వక యున్నారా అని అడుగుడి.

మూడవది మనకందరికి. బయటివారి రాకతో మన స్త్రీలకు నాట్ల పని తగ్గినదను బాధ కొన్ని ఇండ్లలో కలదు. ఆ బాధ అబద్ధము కాదు, దానిని దేవుడు వినుచున్నాడు. అయినను ఆ కోపము ఎవరిమీదికి పోవలెను? పొలము గట్టున గుడారము వేసికొని, భాష రాక తలవంచి నిలుచున్నవానిమీదికా? రంగూనులో ఆ తప్పుదారియే త్రొక్కిరి. అట్లు చేయక, సమానమైన పనికి సమానమైన కూలి అందరికి ఇయ్యుడని ఇద్దరును కలిసి రైతును అడుగుట మేలు. అప్పుడు ఎవని చౌకతనము ఎవని పొట్ట కొట్టదు.

ఇశ్రాయేలీయులు ఐగుప్తులో పరదేశులైయుండిన సంగతి మరువకూడదని దేవుడు వారిని మాటిమాటికి హెచ్చరించెను. మనకు ఐగుప్తు దూరముగా తోచవచ్చును, రంగూను మాత్రము దూరము కాదు. ఈ మాసములో మీ ఊరి చేలలో పనిచేయు పొరుగు రాష్ట్రపువాని పేరు ఒక్కటి తెలిసికొనుడి. జ్వరపడినయెడల ఆసుపత్రికి తోడు వెళ్లుడి. కుటుంబ ప్రార్థనలో మీ బిడ్డల పేళ్ల ప్రక్కన అతని పేరును చేర్చుడి.

తల దాచుకొన స్థలము లేక తిరిగిన మన ప్రభువు అట్టి మనస్సును మనకందరికి దయచేయును గాక. ఆమేన్.