క్షీణిస్తున్న కర్మాగారంలో విధేయత: ఒక నైతిక పరిశీలన

కర్మాగారం మూతపడిన రోజుకు తేదీ ఉంటుంది. క్షీణించడం మొదలైన రోజుకు ఉండదు. ఈ రెంటి నడుమ ఏళ్ళ తరబడి అక్కడ పనిచేసేవారుంటారు. వారి స్థితిని ఆర్థికశాస్త్రం నష్టాల లెక్కలోను, కార్మిక చట్టం పరిహారపు లెక్కలోను పరిశీలిస్తాయి. నీతిశాస్త్రం అడగవలసిన ప్రశ్న వేరు. క్షీణిస్తున్న సంస్థకు ఉద్యోగి ఎంతవరకు ఋణపడి ఉంటాడు? సంస్థ అతనికి ఏ విషయంలో ఋణపడి ఉంటుంది?

హిందుస్థాన్ మెషిన్ టూల్స్ (హెచ్.ఎం.టి.) చరిత్ర ఈ ప్రశ్నల పరిశీలనకు తగిన ఆధారం. 1953లో బెంగళూరులో యంత్ర పరికరాల తయారీకై ఏర్పడిన ఈ ప్రభుత్వరంగ సంస్థ, 1961లో జపానుకు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో చేతిగడియారాల తయారీ చేపట్టింది. 'జనత', 'పైలట్', 'కోహినూర్' గడియారాలు దేశమంతటా ఆదరణ పొందాయి. 1984లో ఏర్పడిన టైటాన్ సంస్థ క్వార్ట్జ్ గడియారాలతో విపణి స్వరూపాన్ని మార్చింది. యాంత్రిక గడియారాలపైనే ఎక్కువగా ఆధారపడిన హెచ్.ఎం.టి. క్రమంగా వెనుకబడింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్.ఎం.టి. వాచెస్, హెచ్.ఎం.టి. చినార్ వాచెస్, హైదరాబాదులోని హెచ్.ఎం.టి. బేరింగ్స్ సంస్థల మూసివేతకు ఆమోదం తెలిపింది. స్వచ్ఛంద పదవీ విరమణ ప్రయోజనాలను 2007 నాటి వేతన శ్రేణులను భావనామాత్రంగా వర్తింపజేసి లెక్కగట్టాలని నిర్ణయించింది. అంటే తొమ్మిదేళ్ళ కిందటి వేతన శ్రేణి కూడా ఆ ఉద్యోగులకు విరమణ లెక్కలోనే దక్కింది.

ఇటువంటి సంస్థను వదలనివారిని గురించి సమాజం రెండు విధాలుగా మాట్లాడుతుంది. ఉప్పు తిన్న చోటును విడువని విశ్వాసపాత్రులని ఒక మాట. వేరే దారి లేక ఉండిపోయారని మరొక మాట. రెండూ అసంపూర్ణమే. ఉప్పు తిన్న విశ్వాసమనే భావనలో ఉప్పు పెట్టినవాడి బాధ్యత కూడా ఇమిడి ఉంది. తిన్నవాడి ధర్మాన్ని మాత్రమే గుర్తుచేసి, పెట్టినవాడి ధర్మాన్ని మరచినప్పుడు ఆ నానుడి సగమే మిగులుతుంది. ఇక దారి లేకపోవడం తరచు ఆ విశ్వాసం వల్లనే ఏర్పడిన స్థితి. ఒకే రకమైన సూక్ష్మమైన పనిలో ఇరవై ఏళ్ళు ఆరితేరిన చేతికి ఆ నైపుణ్యం కోరే మరొక చోటు దొరకడం కష్టం.

ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1970లో వెలువరించిన 'ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ' గ్రంథం క్షీణిస్తున్న సంస్థ పట్ల మనుషుల స్పందనలను నిష్క్రమణ, నిరసన, విధేయతలుగా విభజించి చూసింది. విధేయత నిష్క్రమణను ఆలస్యం చేసి, లోపాలను ఎత్తిచూపే గొంతుకు అవకాశమిస్తుందని ఆయన వాదన సారం. ఈ వాదన నిలవాలంటే ఆ గొంతు వినేవారుండాలి. ప్రభుత్వరంగ సంస్థలో ఏ వస్తువు తయారుచేయాలి, పెట్టుబడి ఎంత పెట్టాలి అన్న నిర్ణయాలు కార్మికుడు నిలబడిన చోటికి చాలా దూరంలో జరుగుతాయి. వినేవారు లేని చోట విధేయత నిరీక్షణగా మారుతుంది.

ఫలాపేక్ష లేని కర్మ అనే ఆదర్శంతో ఈ నిరీక్షణను సమర్థించవచ్చు. గడియారం అమ్ముడైనా, గోదాములో పడి ఉన్నా, దానిని సక్రమంగా కూర్చడమే కార్మికుని ధర్మమనవచ్చు. ఈ మాటలో కొంత సత్యముంది. క్షీణదశలోను పనితనం తగ్గనీయని కార్మికుడు సంస్థకంటె తన విద్యకు, పక్కనున్న సహచరునికి కట్టుబడి ఉంటాడు. అయితే నిష్కామత్వం ఎవరికి వారు స్వీకరించవలసిన నియమం. యాజమాన్యం దానిని ఇతరులపై విధించినప్పుడు అది తన బాధ్యతను తప్పించుకునే సాకవుతుంది.

పని తగ్గినా జీతం అందుతున్నప్పుడు, అదీ ప్రజాధనంతో అందుతున్నప్పుడు, అన్యాయమెక్కడన్నది బలమైన ఆక్షేపణ. ప్రజాధనాన్ని నష్టాలలో పోయడం సమర్థనీయం కాదన్నది నిజమే. కాని జీతం శ్రమకు మాత్రమే బదులు, వయసుకు కాదు. మరొక చోట చేరదగిన వయసులో 'పునరుద్ధరణ జరుగుతుంది' అన్న మాట నమ్మి ఆగినవాడు, ఆ మాట వట్టిదని తేలేనాటికి ఆ వయసు దాటి ఉంటాడు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పెద్ద సంస్థల మూసివేతకు కనీసం తొంభై రోజుల ముందు అనుమతి కోరాలని, పూర్తిచేసిన ప్రతి సేవా సంవత్సరానికి పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలని నిర్దేశించింది. అది పనిచేసిన ఏళ్ళను లెక్కించింది. ఎదురుచూపులో గడచిన ఏళ్ళకు ప్రత్యేకమైన లెక్క కట్టలేదు.

కనుక క్షీణిస్తున్న సంస్థ తన ఉద్యోగికి ఋణపడి ఉన్నది ముందుగా సత్యానికి. లాభాలు తెచ్చిపెట్టడం యాజమాన్యం చేతిలో లేకపోవచ్చు. తనకు తెలిసిన స్థితిని సకాలంలో చెప్పడం దాని చేతిలో ఉన్నదే. నిజం తెలిసి ఆగిన ఉద్యోగి విధేయతకు నైతికమైన విలువ ఉంటుంది, ఎందుకంటే అది అతడు ఎంచుకున్నది. నిజం దాచి నిలిపిన ఉద్యోగి విషయంలో విధేయత అన్న మాటను వాడే హక్కు ఆ సంస్థకు ఉండదు.