తలుపు తట్టిన వాళ్లు అడిగిన ప్రశ్న

స్వధర్మం మీద మనం చేసిన వీడియో చూసి చాలామంది ఒకటే అడిగారు. "వాళ్ల మతం గురించి చెప్పడానికి ఎవరైనా మన దగ్గరికి వస్తే ఏం చేయాలి?" అని. నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. ఒక అనుభవం ఉంది, అది చెప్తాను.

మాది అల్వాల్. ఒక శనివారం సాయంత్రం వెంకటేశ్వరస్వామి గుడి నుంచి తిరిగొస్తుంటే ఇద్దరు కుర్రాళ్లు పలకరించారు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బ్యాడ్జి. నా బొట్టు చూసి కూడా తడబడలేదు. చాయ్ తాగుదామా అంటే "మేం టీ తాగమన్నా" అన్నారు. సికింద్రాబాద్‌లో చాయ్ వద్దన్న మనిషిని చూడటం నాకదే మొదటిసారి! సోడా తాగుతూ మాట్లాడుకున్నాం.

వాళ్లు మోర్మన్ మిషనరీలు. వీళ్లకి బైబిల్‌తో పాటు 'బుక్ ఆఫ్ మోర్మన్' కూడా పవిత్ర గ్రంథమే. బెంగళూరు కేంద్రంగా వీళ్ల మిషన్ 1993లో మొదలైంది. దేశంలో వీళ్ల మొదటి 'స్టేక్', అంటే కొన్ని స్థానిక సంఘాలను కలిపిన విభాగం, 2012లో మన హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

అబ్బాయిలైతే రెండేళ్లు, అమ్మాయిలైతే ఏడాదిన్నర సేవ. జీతం ఉండదు. ఖర్చు చాలావరకు వాళ్లో, ఇంట్లో వాళ్లో పెట్టుకోవాలి. పొద్దున ఆరున్నరకి లేవాలి, రాత్రి పదిన్నరకి పడుకోవాలి. ప్రార్థన, చదువు అయ్యాక రోజంతా బయటే. జంటలో ఒకరిని వదిలి ఒకరు వెళ్లకూడదు. వారానికి ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి. 2019 దాకా ఇంటికి ఫోన్ చేసేది ఏడాదికి రెండుసార్లే, ఇప్పుడు వారం వారం చేసుకోవచ్చు.

ఇంతకీ వాళ్లలో ఒకతను నన్ను అడిగింది చిన్న ప్రశ్న. "అన్నా, మీరు రోజూ దేవుడితో మాట్లాడతారా?"

నేను వెంటనే "అన్ని దారులూ ఒక్కచోటికే కదా తమ్ముడూ" అన్నాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే సిగ్గేసింది. అతను అడిగింది దారుల గురించి కాదు, నా గురించి. పైగా అన్ని దారులూ ఒకటేనని అతను నమ్మడు. మా ఇద్దరి మధ్య నిజంగా తేడా ఉంది. ఆ మంచి మాట చెప్పి ప్రశ్న నుంచీ, తేడా నుంచీ తప్పించుకున్నాను, అంతే.

అమ్మకి చెప్తే "వాళ్లతో నీకేం మాటల్రా?" అంది. అమ్మ భయం నాకు అర్థమవుతుంది. ఆకలినో, రోగాన్నో అడ్డం పెట్టుకుని మతం మార్చడం తప్పే. మన దేవుళ్లని తిట్టి నమ్మించడమూ తప్పే. రాజ్యాంగం 25వ అధికరణం మత ప్రచారానికి హక్కు ఇచ్చింది. కానీ ఆ హక్కు తన మతం గురించి వివరించి చెప్పడానికే తప్ప ఇంకొకరిని మార్చడానికి కాదని 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ గీత నాకు సబబుగానే అనిపిస్తుంది. ఆ కుర్రాళ్లు దాన్ని దాటలేదు. నేను వద్దంటే నవ్వి వెళ్లిపోయారు.

ఇదే కొలత మనకీ పెట్టుకోవాలి కదా? సిగ్నల్ దగ్గర భగవద్గీత పట్టుకుని నిలబడేవాళ్లు మనకీ ఉన్నారు. మన వీడియోలు షేర్ చేయమని నేనే అడుగుతాను. వివేకానందుడు 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడింది పశ్చిమ దేశాలకు తాను వెళ్లే పని గురించే. ఆ సెప్టెంబరులో షికాగో సభ ఆయనకి వేదిక ఇచ్చింది. అదే సభ మోర్మన్ ప్రతినిధి బి.హెచ్. రాబర్ట్స్‌కి ప్రధాన వేదిక ఇవ్వలేదు. పక్కనున్న చిన్న హాల్లో మాట్లాడుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. మనవాడు చెప్తే విన్నారని గర్వపడే మనం, ఇంకొకరు చెప్పడానికి వస్తే మొహం తిప్పుకోవడం న్యాయమా?

వినడమంటే ఒప్పుకోవడం కాదు. షికాగో చివరి రోజున వివేకానందుడు చెప్పిందీ దాదాపు ఇదే. ఎవరూ తన మతం వదలక్కర్లేదు, ఎదుటివారిలోని మంచిని తీసుకుని తన దారిలోనే ఎదగాలి అని. స్వధర్మం అంటే తలుపు వేసుకోవడం అని ఇన్నాళ్లూ అనుకున్నాను. కానీ ఆచరించని ధర్మాన్ని 'నాది' అని ఎలా అంటాను? వాళ్ల నమ్మకం నాకొద్దు. వాళ్ల ఆరున్నర మాత్రం కావాలి.

అప్పటి నుంచి పొద్దున స్టాండప్ కాల్ కంటే ముందు ఇరవై నిమిషాలు దీపం ముందు కూర్చుంటున్నాను. నిజం చెప్పాలంటే వారంలో రెండు రోజులు తప్పుతోంది, ఆరున్నర కాస్తా ఏడుంపావు అవుతోంది. ఆ తమ్ముడు మళ్లీ కనిపిస్తే మాత్రం ఈసారి దారుల గురించి మాట్లాడను. అడిగినదానికి జవాబు చెప్తాను.

హరిః ఓం.