మడియు, దిగువ నీరును

ఉతికి ఆరవేసిన వస్త్రమును కట్టుకొనుటను మన పెద్దలు మడి యనిరి. మడి కట్టుకొన్నవారిని ఒక ప్రశ్న అడుగవలసి యున్నది: వస్త్రమును వదలిన మలినము ఎక్కడికి పోయినది? మన బట్ట తెల్లబడుటకు పరుల నీరు నల్లబడినచో, దానిని శౌచమనవచ్చునా?

ఇది వట్టి ఊహాప్రశ్న కాదు. బెంగుళూరు మురుగునీటిలో పెద్దభాగము బెళ్లందూరు చెరువును చేరును. ఆ చెరువుపై తేలిన నురుగు 2015లో నిప్పంటుకొన్నది. 2017లో చెరువు మరల మండినది. శుద్ధి కాని మురుగుతో సబ్బుపొడులలోని రసాయనములు కలియుటయే ఆ నురుగునకు ముఖ్యకారణము. ఆ నీరు వర్తూరు చెరువు మీదుగా దక్షిణపినాకినిలో కలిసి, హోసూరు చెంత కెలవరపల్లి జలాశయమును చేరును. ఆ ప్రాంతమున తెలుగు మాటలాడు రైతులు ఎందరో గలరు. బెంగుళూరులో మన యింట మడి, హోసూరులో మన చుట్టముల పొలమున మురుగు!

కుంకుడుకాయలను నానవేసి పిసికి, ఆ నురుగుతో పట్టుచీరలు ఉతుకుట మన యిండ్లలో ఎరిగిన విద్యయే. అట్లని ప్రకృతిసిద్ధమైనదెల్ల నిర్దోషమని భ్రమింపరాదు. కుంకుడురసము మితిమీరి నీటఁ గలిసిన చేపలు చచ్చును. నూనెయు క్షారమును కలిపి చేసిన సబ్బు కూడ సున్నపుపాలు హెచ్చుగానున్న నీట తెట్టుకట్టి వృథాయగును. వస్తువును మార్చినంతనే ధర్మము నెరవేరదు, మితము కావలెను.

పూర్వకాలము నిర్దోషమనుటయు సత్యము కాదు. చౌడుమట్టితో బట్టలు ఉడికించి, రేవున బండపై ఉతికిన చాకలివారి చేతులమీద మన మడి నిలిచినది. ఆ మడిని ఇచ్చినవారినే మనము దూరముగా నిలిపితిమి. నాడు వారిపై, నేడు దిగువ ఊరివారిపై. మన మలినపు బరువును పరులపై మోపు అలవాటు మాత్రము మారలేదు.

చేయదగినది కష్టమైనది కాదు. గడియసేపు కట్టి విడిచిన బట్టను గాలికి ఆరవేసి మరల కట్టవచ్చును. మరకపడినచోట మాత్రమే సబ్బు రుద్దవచ్చును. కొలతకు మించి పొడి వేసినందున తెల్లదనము పెరుగదు, జాడించు నీరే పెరుగును. భాస్వరము లేని సబ్బును ఎన్నుకొనవచ్చును. కడపటి జాడింపు నీటితో ముంగిలి కడుగవచ్చును. కుంకుడుపిప్పిని ఎరువుగుంటలో వేయవచ్చును.

ఒక్క యింటి గుప్పెడు పొడితో చెరువు చెడునా యని కొందరందురు. లక్షల యిండ్లవారు అట్లే అనుకొనుటచేతనే చెడినది. మురుగును శుద్ధిచేయుట ప్రభుత్వముల విధియే; ఆ విధి నెరవేరువరకు మన విధిని ఆపుకొనుట న్యాయము కాదు.

తరతరములుగా పొరుగు రాష్ట్రములలో వేరూనిన మనకు ఒక సంగతి బాగుగా తెలియును: సరిహద్దు దాటినంతనే రాజభాష మారును, ఏరు మారదు. దిగువవారు తమ పొలమునకు నిశ్చింతగా పారించుకొనదగిన నీటిని విడిచిన యింటిదే మడి.