కావలివాని మౌనము

ఇంటికి కావలివాడు కలడని నిద్రించుట వేఱు. ఆ కావలివాడు మేలుకొని యున్నాడని యెఱిగి నిద్రించుట వేఱు. మొదటిదానికి నమ్మకమని మనము పేరు పెట్టుకొందుము గాని, పెక్కుచోట్ల అది బద్ధకమే. నమ్మకమెప్పుడు గుణమగును, ఎప్పుడు దోషమగును అను ప్రశ్న వేదాంత గ్రంథములయందు మాత్రమే పుట్టునది కాదు. మన యింటి గోడకు బిగించిన విద్యుత్తు పెట్టె యెదుట నిలిచినను అది పుట్టును. ఆ చిన్న పెట్టెనే యీ వ్యాసమునకు ఆధారముగ గైకొనుచున్నాము.

ఆ పెట్టెలో నుండదగిన రక్షకములు రెండు తెగలవి. ఎం.సి.బి. యని వాడుకగ పిలువబడునది తీగలను కాపాడును. దానిలో రెండు లోహములు అతికిన పలక యొకటి యుండును. మితిమీఱిన విద్యుత్తు ప్రవహించి వేడెక్కినచో ఆ పలక వంగి మీటను పడవేయును. షార్టు సర్క్యూటు కలిగినచో తీగచుట్ట యొకటి అయస్కాంతమై రెప్పపాటులో ఆ పనియే చేయును. కాని మనుష్య దేహముగుండ భూమిలోనికి పోవు విద్యుత్తును ఇది కనిపెట్టజాలదు. ఏలయన, 16 ఆంపియర్లకు ఏర్పఱచిన ఎం.సి.బి.కి ఆంపియరులో పదవవంతు లెక్కలోనిది కాదు. మనుష్యుని ప్రాణము తీయుటకో, అదియే చాలును. ఈ కొఱత తీర్చునది ఆర్.సి.సి.బి. ఇంటిలోనికి పోవు విద్యుత్తును, తిరిగి వచ్చు విద్యుత్తును అది యెల్లప్పుడు సరిచూచుచుండును. మనుష్యరక్షణకై యమర్చినదైనచో, ఆ రెంటి నడుమ 30 మిల్లీ ఆంపియర్ల భేదము కలిగినంతనే, సెకండులో మూడవవంతు గడవకమునుపే సరఫరాను త్రెంచవలయును.

దీపము చెడినచో చీకటి చెప్పును. పంకా చెడినచో చెమట చెప్పును. కుళాయి చెడినచో కాఱు నీటిచుక్క చెప్పును. రక్షకము చెడినచో చెప్పువారు లేరు. చక్కగనున్న రక్షకమును, లోపల బిగుసుకొనిపోయిన రక్షకమును బయటికి ఒక్క తీరుననే కనబడును. రెంటి వెనుకను దీపములొక్క తీరుననే వెలుగును. అది చెడినదని మనకు తెలియు దినము, దానితో మనకు పనిపడిన దినమే. "పదియేండ్లుగా ఒక్కమాఱైన పడలేదు, కావున మంచిదే" యని వాదించువారు ఈ సంగతి మఱతురు. పదియేండ్ల మౌనము ఆపద రాలేదనుటకు సాక్ష్యము కావచ్చును గాని, ఆపద వచ్చినప్పుడు అడ్డగించుననుటకు సాక్ష్యము కానేరదు.

యంత్రమును కల్పించినవారు ఈ మర్మము నెఱిగియే ఆర్.సి.సి.బి. మొగమున చిన్న బొత్తాము నొకటి పెట్టి, దానికి ఆంగ్లములోని 'టీ' అక్షరము గుర్తుగ నుంచిరి. సరఫరా యున్నప్పుడు దానిని నొక్కినచో లోపల కొద్దిపాటి లీకేజి కృత్రిమముగ పుట్టును. మీట వెంటనే పడవలయును. తయారుచేయువారిలో కొందఱు నెలకొకమాఱు, కొందఱు మూడు నెలలకో ఆఱు నెలలకో యొకమాఱు నొక్కుమందురు. ఇందువలన స్థితి తెలియుట యొక లాభము. లోపలి కీళ్లు కదలి బిగుసుకొనకుండుట మఱియొక లాభము. కాబట్టి పరీక్ష యనగా దోషము వెదకుట మాత్రమే కాదు, శక్తిని నిలుపుటయు నగును.

"మంచి ముద్ర చూచి కొంటిమి, ఇంక పరీక్ష యేల?" యని కొందఱందురు. అమెరికాలో ఫెడరల్ పసిఫిక్ ఎలక్ట్రిక్ అను సంస్థవారి 'స్టాబ్-లాక్' రక్షకములు గత శతాబ్దిలో లక్షలాది గృహముల కెక్కినవి. వానిపై పరీక్షాసంస్థ ముద్రయు నుండెను. పిమ్మట పరీక్షింపగా, పడవలసినప్పుడు పడనివి వానిలో పెక్కు బయటపడెను. అక్కడి ప్రభుత్వ వినియోగదారుల రక్షణ సంఘము, నిర్ణయమునకు చాలిన సమాచారము లేదని 1983లో తన విచారణను ముగించెను. తగిన పరీక్ష జరుపకయే ఆ సంస్థ ముద్ర వేసి మోసగించినదని తర్వాత న్యూజెర్సీ న్యాయస్థానము తేల్చెను. ముద్ర యనగా ఒకనాడు ఒకరు చెప్పిన మాట. అది నిజమే యైనను, నేటి స్థితిని చెప్పదు.

పరీక్షింపకుండుటకంటె ఘోరమైనది వేఱొకటి కలదు. ఫ్యూజు మాటిమాటికి కాలిపోవుచున్నదని కటౌటులో లావుపాటి రాగితీగ చుట్టినవారిని చూడని పాఠకులరుదు. నేడు ఆర్.సి.సి.బి. ఊరక పడుచున్నదని దానిని తప్పించి, తీగలను నేరుగ కలిపించుకొనువారును కలరు. ఊరకున్నవాడు మంచివాడనియు, హెచ్చరించువాడు పోరుపెట్టువాడనియు నెంచుట మనకు సంఘమునందెట్లో గృహమునందును అట్లే యలవాటైపోయినది. హితవు చెప్పువాని నోరు నొక్కి, ఇల్లు శాంతముగ నున్నదని సంతోషింతుము.

విద్యుత్తు పెట్టె యజమానునిది, తడిచేయి యెవరిది? పంపు మోటారు స్విచ్చి వేయునది పనిమనిషి. తడిబట్ట లారవేయుచు దండెపు తీగను తాకునది ఇల్లాలు. గీజరు నీటితో స్నానమాడునది అద్దెకున్నవారి బిడ్డ. పెట్టెను పరీక్షింపగల యధికార మొకరిది, పరీక్షింపనందువలన కలుగు ముప్పు మఱియొకరిది. ఇందుచేతనే యీ విషయము నీతి ప్రశ్న యగుచున్నది. తన ప్రాణమును తన నమ్మకముపై నొడ్డుటకు ఒకనికి స్వేచ్ఛ కలదనుకొందము; పరుల ప్రాణమును తన నమ్మకముపై నొడ్డుటకు ఎవ్వరికిని హక్కు లేదు. కాబట్టి యింటి పెద్దకు పరీక్ష అనుమానము కాదు, ఋణము.

పరీక్షకును హద్దులు కలవు. బొత్తాము నొక్కగా మీట పడినచో యంత్రము కదలుచున్నదని తెలియును. ఎంత లీకేజికి, ఎంతసేపటిలో పడునో ఎలక్ట్రీషియను తన సాధనముతో కొలిచియే చెప్పగలడు. ఎర్తు తీగ తెగియున్నను బొత్తాము పనిచేయును గనుక, ఎర్తును వేఱుగ చూపింపవలయును. ఎం.సి.బి.కి ఇట్టి బొత్తామే లేదు. దాని మీటను చేతితో దింపి యెత్తినచో కీళ్లు కదలునే గాని, వేడికి గాని షార్టుకు గాని పడునని ఋజువు కాదు. కొందఱు సాహసులు కావలెనని తీగలు తాకించి చూతురు. అది పరీక్ష కాదు, ఆపదను పిలుచుట. బావిలో నీరున్నదో లేదో చూచుటకు కొంపకు నిప్పు పెట్టుకొనువాడు లేడు గదా! బొత్తాము నొక్కినను మీట పడనిచో ఆ దినమే మార్పించుట కర్తవ్యము.

ఇట్లు అన్నిటిని పరీక్షింపబూనినచో స్నేహమునకును దాంపత్యమునకును చోటెక్కడ యని యొకరడుగవచ్చును. మనుష్యునకు మానము కలదు. వానిని రహస్యముగ పరీక్షించుట వానిని తక్కువచేయుట. యంత్రమునకు మానము లేదు. దానిని పరీక్షింపకుండుటలో మర్యాదయు లేదు. ఈ రెంటికి నడుమ నిలుచునది మన యంతరాత్మ. అదియు ఒక కావలివాడే; చిన్న సంగతులయందు కదలింపనిచో పెద్ద సంగతులయందు బిగుసుకొనిపోవునదే. దానిని మాత్రము మనము నిర్భయముగ పరీక్షించుకొనవచ్చును.

అంతటి పరీక్షకు పూనుకొనులోగా, సులభమైనదానితో మొదలుపెట్టుదము. ప్రతినెలయు పనివారికి జీతములిచ్చు దినమున, ఇంటివారందఱికి ముందుగ చెప్పి, ఆ బొత్తాము నొక్కమాఱు నొక్కుడు. ఒక్క నిమిషము చీకటి యగును. ఆ చీకటిని చూచి విసుగుకొనక, మన కావలివాడు పలికినాడని సంతోషింతుముగాక.