చిటికెడు ధూపం వేస్తే పోయేదేముంది?

ప్రశ్న: అయ్యా, రోమా చక్రవర్తుల కాలంలో క్రైస్తవులు చక్రవర్తి ప్రతిమ ముందు చిటికెడు ధూపం వేస్తే వదిలేసేవారట. అయినా వేయకుండా ఎందరో ప్రాణాలు వదులుకున్నారట. వారిలో చంటిబిడ్డ తల్లి కూడా ఉందని విని మనసు వికలమైంది. విశ్వాసం లోపల ఉంచుకుని పైకి ఆ కాస్త పని చేస్తే దేవుడు అర్థం చేసుకోడా? ప్రాణం మీదికి వస్తే అబద్ధమాడినా దోషం లేదని శుక్రాచార్యుడే చెప్పాడు కదా. ఇది ధర్మమా, మొండితనమా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

సమాధానం: అమ్మా, శుక్రాచార్యుడు ఆ మాట చెప్పాడు. బలి చక్రవర్తి వినలేదు. మనం ఇన్ని తరాలుగా చేతులెత్తి మొక్కుతున్నది వినని బలికే. కాబట్టి మీ సందేహానికి సగం జవాబు మీకు తెలిసిందే.

ఇక ఆ ధూపం సంగతి. క్రీ.శ. 112 ప్రాంతంలో బితూనియ గవర్నరు ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు రాసిన ఉత్తరం ఇప్పటికీ దొరుకుతోంది. నువ్వు క్రైస్తవుడివేనా అని పట్టుబడినవారిని ఆయన మూడుసార్లు అడిగేవాడు. అవునని నిలబడితే మరణశిక్ష. కాదన్నవారి చేత చక్రవర్తి ప్రతిమకు ధూపం, ద్రాక్షారసం సమర్పింపజేసి, క్రీస్తును దూషింపజేసి పంపేసేవాడు. ప్రభుత్వం కోరింది తెగతెంపులు. ధూపం దానికి గుర్తు. అది చిన్న పనే అయితే దాని మీద ఒక మనిషి ప్రాణాన్ని పందెం ఎందుకు పెట్టారు? ఆ వెల కట్టింది పాలకులే. కార్తేజి రచయిత తెర్తుల్లియాను ఈ మాటే నిలదీశాడు: మిగతా నేరస్థులను ఒప్పుకోమని హింసిస్తారు, మమ్మల్ని మాత్రం కాదనమని హింసిస్తారేమని.

మీరు విన్న తల్లి పేరు పెర్పెతువ. 203లో, ఉత్తర ఆఫ్రికాలోని ఆ కార్తేజిలోనే, ఇరవై రెండేళ్ల వయసులో చనిపోయింది. చెరసాలలో తాను స్వయంగా రాసుకున్న మాటలు మనకు మిగిలాయి కనుక ఆమె మనసు కొంత తెలుస్తుంది. ఉక్కపోత, చీకటి, సైనికుల దౌర్జన్యం. అన్నిటికన్నా బిడ్డ దిగులు. క్రైస్తవ సంఘ పరిచారకులు ఇద్దరు కాపలావాళ్లకు డబ్బిచ్చి, ఖైదీలను కొన్ని గంటలు కాస్త మెరుగైన చోటికి మార్పించారు. ఆకలితో సొమ్మసిల్లిన బిడ్డకు ఆమె అక్కడ పాలిచ్చింది. తర్వాత బిడ్డను తన దగ్గరే ఉంచుకోనిచ్చాక ఆ చెర ఆమెకు రాజభవనంలా తోచింది.

ఆమె తండ్రి క్రైస్తవుడు కాడు. ఆయన మొదటిసారి వచ్చినప్పుడు, అక్కడున్న ఒక పాత్రను చూపించి దీన్ని వేరే పేరుతో పిలవగలమా అని అడిగింది. పిలవలేమన్నాడు. నేనూ అంతే, నేను కానిదాన్ని అవునని చెప్పుకోలేను అంది. ఇది మొండితనమని నేను అనలేను. మొండివాడికి ఎదుటివాడి బాధ పట్టదు. ఆ తండ్రి తర్వాత కూతురి చేతులు ముద్దుపెట్టుకుని, కాళ్ల మీద పడి బతిమాలాడు. విచారణలో న్యాయాధికారి హిలారియన్ ఆయన్ను బెత్తంతో కొట్టించినప్పుడు, ఆ దెబ్బ తనకే తగిలినట్టు ఆమె విలవిల్లాడింది. అయినా మాట మార్చలేదు. ఆమెతో పాటు చనిపోయిన ఫెలిసిత బానిస స్త్రీ, ఎనిమిది నెలల గర్భిణి. చెరలోనే ఆడపిల్లను కన్నది. ఆ పాపను సంఘంలోని ఒక సోదరి పెంచింది.

అలాగని చావును వెతుక్కుంటూ వెళ్లమని సంఘం చెప్పలేదు. ఒక ఊళ్లో హింసిస్తే మరో ఊరికి పారిపొమ్మని యేసు తన శిష్యులకు చెప్పాడు. స్ముర్న బిషప్పు పోలికార్పు, వృద్ధుడు, స్నేహితుల మాట విని ఊరి బయట పొలాల్లో తలదాచుకున్నాడు. పట్టుకోవడానికి వచ్చినవారికి భోజనం పెట్టించి, ప్రార్థనకు గంట వ్యవధి అడిగాడు. అదే సమయంలో ఫ్రుగియ నుంచి వచ్చిన క్వింటస్ అనేవాడు తనంతట తానే ముందుకొచ్చి, ఇతరులనూ పురికొల్పి, తీరా మృగాలను చూడగానే భయపడి బలి అర్పించేశాడు. తమంతట తాము అప్పగించుకునేవారిని మెచ్చుకోలేమని స్ముర్న సంఘం ఉత్తరం రాసి మరీ చెప్పింది.

లొంగిపోయినవారు కొద్దిమంది కాదు. 250లో డెసియస్ చక్రవర్తి, సామ్రాజ్యంలో అందరూ దేవతలకు బలి అర్పించి ధ్రువపత్రం తీసుకోవాలని శాసించాడు. అలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో పదుల సంఖ్యలో బయటపడ్డాయి. కార్తేజిలో చాలామంది క్రైస్తవులు బలి అర్పించారు. కొందరు లంచమిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. అక్కడి బిషప్పు సిప్రియానే అజ్ఞాతంలోకి వెళ్లాడు, నిందలూ పడ్డాడు. హింస సద్దుమణిగాక, అలా పడిపోయినవారికి సంఘంలో ఇక చోటే లేదని రోములో నొవేషియన్ అనే ఆయన పట్టుబట్టాడు. సిప్రియాను ఒప్పుకోలేదు. తప్పు తప్పేనన్నాడు, పశ్చాత్తాపపడితే తిరిగి రావచ్చనీ అన్నాడు. 251లో కార్తేజి బిషప్పుల సభ, పత్రం కొన్నవారిని ఒక విధంగా, బలి అర్పించినవారిని మరింత కఠినంగా చూడాలని తీర్మానించింది. ఏడేళ్ల తర్వాత, 258 సెప్టెంబరు 14న, అదే సిప్రియాను కత్తికి తల వంచాడు. తనను నరకబోయేవాడికి 25 బంగారు నాణేలు ఇవ్వమని తనవాళ్లకు చెప్పాడు.

నా మట్టుకు నాకు పెర్పెతువ చేసింది ధర్మమే. అయితే ఆమెలా నిలబడలేకపోయినవారిని చిన్నచూపు చూసే హక్కు, ఏ భయమూ లేకుండా హాయిగా కూర్చున్న మనకు లేదమ్మా.